ఆవకాయ సీసాకు ఏ రంగు నప్పుతుంది? ఉత్పత్తికి రంగుల జత కుదిర్చే పద్ధతి

నేను చేసిన మొదటి పచ్చడి లేబుల్ ఎర్రటి నేపథ్యం మీద ఆకుపచ్చ అక్షరాలు. ఆవకాయ ఎర్రగా ఉంటుంది, మామిడికాయ పచ్చగా ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. కంప్యూటర్ తెర మీద చూసుకుని మురిసిపోయి వెయ్యి లేబుళ్లు అచ్చు వేయించాం. ప్రదర్శనలో సీసాలు పేర్చిన మొదటి రోజే ఒక పెద్దావిడ ఒకటి చేతిలోకి తీసుకుని, దగ్గరకు తెచ్చుకుని, దూరం జరిపి, కళ్లజోడు పైకెత్తి చూసి, "ఏమ్మా, ఇది ఆవకాయా, మాగాయా?" అని పచ్చళ్లు పెట్టే అక్కను అడిగారు. ఆ పేరు లేబుల్ మీద తాటికాయంత అక్షరాల్లో రాసే ఉంది.

ఎరుపునూ ఆకుపచ్చనూ కలిపినందుకు వచ్చిన తిప్పలు కావవి. పట్టుచీరల్లో ఆ జత తరతరాలుగా నప్పుతూనే ఉంది. నేను ఎంచుకున్న రెండు రంగులూ ఒకే ముదురులో ఉన్నాయి, అక్కడ దెబ్బతిన్నాను. అప్పటి నుంచి నా పని వరుస మారింది. సీసాలో ఏ రంగు ఉందో ముందు చూస్తాను. తర్వాత ముదురు, లేత తేల్చుకుంటాను. ఏ రంగు పక్కన ఏ రంగు అన్నది మూడో సంగతి. చాలామంది ఈ వరుసను తలకిందులుగా చేస్తారు కాబట్టే తెర మీద బాగున్నవి అంగట్లో వెలవెలబోతాయి.

ఒక గాజు సీసా ఆవకాయను ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. సబ్బుకైనా, బొమ్మకైనా, ఫోనులో యాప్ బొత్తానికైనా పద్ధతి ఇదే.

1. కంప్యూటర్ తెరవకముందు రాసుకోవాల్సినవి

కాగితం మీద నాలుగు సంగతులు రాయండి. వస్తువు సొంత రంగు ఏమిటి? అది ఎక్కడ అమ్ముడవుతుంది: కిరాణా కొట్టు అరలోనా, ప్రదర్శన బల్ల మీదా, ఫోను తెర మీద బొటనవేలి గోరంత బొమ్మగానా? దాని పక్కన ఏ సరుకులు ఉంటాయి? దేని మీద, ఏ పద్ధతిలో, ఎన్ని కాపీలు అచ్చవుతుంది?

మూడో ప్రశ్నకు కుర్చీలో కూర్చుని జవాబు రాయకండి. కొట్టుకు వెళ్లి ఆ అరను ఫొటో తీసుకురండి. పచ్చళ్ల అర ముందు నిలబడితే తెలుస్తుంది, అక్కడ ఎరుపూ పసుపూ తప్ప మరో రంగు అరుదు. అందరూ కారాన్ని చూపించాలనుకున్నవాళ్లే. అంతమంది అరుస్తున్న చోట మీరూ అరిస్తే వినపడదు.

అలాగని అలవాటును పూర్తిగా కాదనలేం. కారం పొడి ప్యాకెట్ ఎర్రగా, పసుపు ప్యాకెట్ పసుపుగా, ధనియాల పొడి ఆకుపచ్చగా ఉంటుందని కొనేవారి చేతికి తెలుసు. పాల ప్యాకెట్‌ను పేరుతో కాక "నీలం ప్యాకెట్ ఇవ్వండి" అని రంగుతో అడిగే ఇళ్లు ఎన్నో. ఊదా రంగు ప్యాకెట్‌లో కారం పొడి అమ్మితే కొత్తగా ఉంటుంది, కాని కొనేవారు దాన్ని వెతుక్కోవాలి. అలవాటులో ఒక్క తీగను పట్టుకుని మిగతాది మార్చడం మంచిది. మన ఆవకాయకు ఆ తీగ గాజులోంచి కనిపించే ఎరుపే.

2. సీసాలో ఉన్నదే మొదటి రంగు

గాజు సీసాలో పచ్చడి పోస్తే మీరు అడగకుండానే ఒక రంగు వచ్చి కూర్చుంటుంది. కొత్త ఆవకాయ నూనె తేలి నిగనిగలాడే ఎరుపు. ఆరు నెలలు గడిస్తే అదే ఇటుక రంగు వైపు ముదురుతుంది. గోంగూర నలుపు కలిసిన ఆకుపచ్చ. కందిపొడి లేత ఇటుక, కరివేపాకు పొడి ముదురు ఆకుపచ్చ. మూత కూడా ఒక రంగే. మూతలు అమ్మేచోట తరచుగా దొరికేవి బంగారు రంగు, తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. కాబట్టి "మూడు రంగులు ఎంచుకుందాం" అని మొదలుపెట్టినవారికి నిజానికి ఒకటి సీసా ఇచ్చేసింది, రెండోది మూత ఇచ్చేసింది.

ఇక్కడ ఒక పాత ఫిర్యాదు సంగతి చెప్పాలి. పారిస్‌లో గోబెలాఁ అనే ప్రభుత్వ కార్ఖానాలో గోడలకు వేలాడదీసే చిత్రాల తివాసీలు నేసేవారు. 1824 నుంచి అక్కడి అద్దకానికి మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్ద. నీలం, ఊదా వస్త్రాల నీడల కోసం వాడిన నల్ల నూలు నల్లగా లేదని ఆయనకు ఫిర్యాదు వచ్చింది. ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్నితో పోల్చి చూస్తే తమ నూలులో లోపమేమీ లేదు. నీలం పక్కన చేరడం వల్లే నలుపు పేలవంగా కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని ఆయన 1839లో పెద్ద గ్రంథమే అచ్చు వేశారు.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. నిండు ఎర్రటి కాగితాన్ని అర నిమిషం రెప్ప వాల్చకుండా చూసి, చూపును తెల్లగోడ మీదికి మార్చండి. నీలం కలిసిన ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఎరుపును చూసీ చూసీ అలసిన కన్ను దానికి ఎదురు రంగును తానే పుట్టిస్తోందన్నమాట. ఇప్పుడు ఆవకాయ సీసాకు మెరిసే ఎర్రటి లేబుల్ అంటించారనుకోండి. ఆ ఎరుపుతో అలసిన కంటికి, దాని పక్కనే కాస్త తక్కువ ఎరుపులో ఉన్న ఆవకాయ గోధుమ రంగుకు దిగిపోయి, పాతబడినట్టు కనిపిస్తుంది. వేల రూపాయల లేబుల్‌తో మీ పచ్చడిని మీరే చిన్నబుచ్చుకున్నట్టు. అదే ముదురు ఆకుపచ్చ లేబుల్ అయితే ఎరుపు మరింత ఎర్రగా లేస్తుంది. మాంసం కొట్టు అద్దాల పెట్టెలో ఆకుపచ్చ ఆకులు పరిచేది ఇందుకే. పూలమ్మి కనకాంబరాల మధ్య మరువం కట్టేది వాసన కోసమే కాదు.

కాబట్టి మొదటి నియమం: లేబుల్ ప్రధాన రంగు వస్తువు రంగుతో పోటీ పడకూడదు. ఎదురు నిలవాలి, లేదా తెలుపుకు దగ్గరగా వెనక్కి తగ్గాలి.

3. ముదురు, లేత: అసలు పరీక్ష

అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ 20వ శతాబ్దం మొదట్లో ప్రతి రంగునూ మూడు కొలతలతో చెప్పే పద్ధతి తెచ్చారు. అది ఏ జాతి రంగు (ఎరుపా, నీలమా), ఎంత ముదురు లేదా లేత, ఎంత నిండు లేదా వెలిసినది. మన భాషలో ఈ మూడూ ఎప్పుడో ఉన్నాయి. చిలకపచ్చ, మెంతి రంగు, వంగపండు రంగు, ఉల్లిపొర రంగు అన్నప్పుడు జాతినీ ముదురునీ నిండుదనాన్నీ ఒక్క మాటలో చెప్పేస్తాం. ఇబ్బందల్లా కంప్యూటర్ ముందు కూర్చోగానే "ఎరుపు", "ఆకుపచ్చ" అని జాతి పేర్లతోనే ఆలోచించడం.

చేయాల్సింది ఇది. మీ నమూనాను ఫొటో తీసి, ఫోనులోనే నలుపు తెలుపుగా మార్చండి. అక్షరాలు, గీతలు, బొమ్మ అంచులు ఇంకా విడివిడిగా కనిపిస్తే జత నిలబడింది. బూడిద ముద్దగా కలిసిపోతే ఆ రంగులు ఎంత అందంగా ఉన్నా పనికిరావు. నేను ఈ పరీక్ష చేసి ఉంటే నా ఎర్రటి లేబుల్ ఆ రోజే చిత్తుబుట్టలోకి పోయేది.

లెక్క కావాలనుకునేవారికి లెక్క కూడా ఉంది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం రెండు రంగుల వెలుగు తేడాను నిష్పత్తిగా కొలుస్తుంది. తెలుపు మీద నలుపు 21, అంతకు మించి లేదు. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. కొన్ని జతలు చూడండి. తెల్లటి తెర మీద నిండు పసుపు 1.07, అంటే లేనట్టే. తెలుపు మీద నిండు ఎరుపు దాదాపు 4, చిన్న అక్షరాలకు చాలదు. నిండు నీలం మీద నిండు ఎరుపు 2 పైచిలుకు. మెరూన్ మీద నిండు పసుపు 10 దాటుతుంది. ఎరుపు పక్కన మామూలు ఆకుపచ్చ, అంటే నా పాపం, సుమారు 1.3.

పసుపు, ఎరుపు, నీలం మూడూ "నిండు" రంగులే అయినా ఇంత తేడా ఎందుకంటే, కన్ను వాటి వెలుగును ఒకే తూకంతో తూచదు. తెర మీది తెలుపులో మనకు కనిపించే వెలుగులో సుమారు 72 శాతం ఆకుపచ్చది, 21 శాతం ఎరుపుది, 7 శాతమే నీలానిది. ఎరుపూ ఆకుపచ్చా కలిసి పుట్టే పసుపు అందుకే తెలుపుకు చుట్టం, నీలం నలుపుకు చుట్టం. ఈ నిష్పత్తి తెరల కోసం చేసిన లెక్క. కాగితం మీద అచ్చుకు ఇది కొలబద్ద కాదు, దిక్సూచి. అచ్చులో నేను 4.5తో సరిపెట్టుకోను, 7కు తగ్గకుండా చూసుకుంటాను. కొట్టు వెలుతురు మన చేతిలో ఉండదు కదా.

4. ఒళ్లు, అంచు, కొంగు: ఏ రంగుకు ఎంత చోటు

ఇంటి అలంకరణ చేసేవాళ్లు 60, 30, 10 అని ఒక సూత్రం చెబుతారు. ప్రధాన రంగుకు అరవై పాళ్లు, తోడు రంగుకు ముప్పై, మెరుపుకు పది. చీర కట్టే నేలకు ఆ సూత్రం కొత్త కాదు. ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు, వాటి మధ్య జరీ. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు అతికినట్టు నేస్తారు. ఒళ్లు గంధం రంగులో నెమ్మదిగా ఉంటే అంచు మెరూన్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే రెండు రంగులూ సగం సగం పంచుకుంటే చూపు ఎక్కడ ఆగాలో తెలియదు.

మన సీసాకు వర్తించి చూద్దాం. లేబుల్ ఒళ్లు లేత గంధం రంగు. పై అంచూ పేరూ మామిడాకు ముదురు ఆకుపచ్చ. మూడో రంగు, అంటే పది పాళ్లది, మెంతి పసుపు. ఒక చిన్న గుర్తుకూ ఒక గీతకూ మాత్రమే. ఎరుపు ఎక్కడ అంటారా? సీసా నిండా ఉంది. లేబుల్ మీద ఒక్క చుక్క కూడా అక్కర్లేదు. ఇది చెప్పినప్పుడు యజమానులు ఒప్పుకోరు. "ఆవకాయ అంటే ఎరుపు కదండీ" అంటారు. వాదించకండి. ఎర్రటి లేబుల్ ఒకటీ గంధం రంగుది ఒకటీ కాగితం మీద తీసి, రెండు సీసాలకు అంటించి, వంటింటి గట్టు మీద పెట్టి వారినే చూడమనండి. ఇంతవరకు నాకు రెండో మాట మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

మూడు రంగులు చాలు. నాలుగోది తేవాలనిపిస్తే, ఉన్న మూడింటిలో ఒకదాన్ని ముదురుగానో లేతగానో మార్చి వాడండి.

5. జత కుదర్చడం

రంగుల చక్రం చాలామంది చూసే ఉంటారు. ఇంద్రధనుస్సు రంగులను గుండ్రంగా వంచి చూపినది ఐజాక్ న్యూటన్. 1704లో అచ్చయిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. చక్రంలో పక్కపక్కన ఉన్నవి చుట్టాలు: పసుపు, నారింజ, ఇటుక. ఎదురెదురుగా ఉన్నవి వియ్యంకులు: గౌరవిస్తే మర్యాద, మీద పడితే గొడవ. ఒకటి గుర్తుంచుకోండి. చిత్రకారుల చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. తెర రంగుల చక్రంలో సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం. రెండు చక్రాల మధ్య తికమకపడి ఇంటర్నెట్‌లో పోట్లాడుకునేవాళ్లు చాలామంది, ఎవరి చక్రంలో వారిది సరే.

ఎదురు రంగులు రెండూ నిండుగా, ఒకే ముదురులో తగులుకుంటే వాటి సరిహద్దు కళ్ల ముందు వణుకుతుంది. దీన్ని ఆపడానికి మూడు మార్గాలు. ఒకదాన్ని బాగా ముదురు చేయండి. మన ఆకుపచ్చను మామిడాకు దాకా తీసుకెళ్లింది అందుకే. లేదా ఒకదాని నిండుదనం తగ్గించండి. లేదా మధ్యలో ఒక గీత పెట్టండి. చీర ఒంటికీ అంచుకూ మధ్య సన్నటి జరీ గీత చేసే పని అదే. శ్రీకాళహస్తి కలంకారీలో ముందుగా కలంతో నల్ల గీతలు గీసి, తర్వాత రంగులు నింపుతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే ఆ నలుపు లేకపోతే ఎరుపులోకి పసుపు, పసుపులోకి ఆకుపచ్చ ఒరిగిపోయేవి. చెరియాల పటాల్లో ఎర్రటి నేపథ్యం మీద అన్ని బొమ్మలు కిక్కిరిసినా ఏ ముఖమూ పోదు. గీత ఎక్కడ పెట్టాలో వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

నా పక్షపాతం ఒకటి చెప్పేస్తాను. కంప్యూటర్ ప్రోగ్రాములు ఒక్క నొక్కుతో ఇచ్చే అయిదు రంగుల వరుసలు నాకు నచ్చవు. వాటికి సీసాలో ఏముందో తెలియదు. ఇంట్లో దొరికే వాటిలోంచి జత తీసుకోండి: కరివేపాకు, ఎండుమిర్చి తొడిమ, చింతపండు, అరిటాకు వెనక వైపు. తెల్ల కాగితం మీద పెట్టి నీడలో ఫొటో తీసి, దాని నుంచి రంగులు పట్టుకుంటే అవి ఆ వస్తువుకు దూరమయ్యే అవకాశం తక్కువ.

6. రంగుకు ఊళ్లో ఉన్న పేరు

పసుపూ ఎరుపూ పక్కన పెట్టగానే మనకు పసుపు కుంకుమ గుర్తొస్తాయి. శుభకార్యాల సరుకుకు అది కలిసొస్తుంది, పురుగుమందు డబ్బాకు పంటి కింద రాయిలా ఉంటుంది. నలుపును కొందరు కొనేవారు దిష్టితో ముడిపెడతారు, ఖరీదైన చాక్లెట్ అట్టపెట్టె మీద అదే నలుపు హుందాగా తోస్తుంది. ఇవి స్థిరమైన సూత్రాలు కావు. "నీలం నమ్మకాన్ని ఇస్తుంది, నారింజ ఆకలి పుట్టిస్తుంది" వంటి పట్టికలను చూసి నిర్ణయాలు తీసుకోకండి.

ఎన్నికల రంగులు మాత్రం మన రాష్ట్రాల్లో నిజంగా ఆలోచించాల్సినవి. పసుపు, గులాబీ జెండాలు ఏ పార్టీలవో చిన్నపిల్లలు కూడా చెబుతారు. పంచాయతీ కార్యాలయాలకు వేసిన పార్టీ రంగులను తీసేయాలన్న వివాదం 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీ సరుకు గులాబీ మీద తెల్ల అక్షరాలతో వస్తే ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు. పసుపు వాడాలంటే మెంతి వైపో ఆవాల వైపో కాస్త జరపండి, ఆ ప్రశ్న రాదు.

7. తెలుగు అక్షరాల సంగతి

రంగుల పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని రాసినవి. మన అక్షరాలు గుండ్రనివి, పైన గుణింతం, కింద ఒత్తు. "పదార్థాలు" అన్న మాటను తీసుకోండి. ప్రతి ఆహార లేబుల్ మీద ఉండే మాట ఇది. ర కింద థ ఒత్తు, ఆ ఒత్తు లోపల ఒక చుక్క. ముదురు ఆకుపచ్చ నేపథ్యంలో తెల్లగా, ఆరు పాయింట్ల సైజులో దీన్ని అచ్చు వేస్తే సిరా కాస్త వ్యాపించి ఆ చుక్కను కలిపేస్తుంది, థ కాస్తా ధ అవుతుంది. అచ్చు తప్పు పేరుతో తిట్లు డిజైనర్‌కు పడతాయి.

కాబట్టి చిన్న అక్షరాలు ఎప్పుడూ లేత నేపథ్యం మీద ముదురు రంగులోనే, అదీ ఒకే సిరాతో. మూడు సిరాలు కలిపి తెచ్చిన గోధుమ రంగులో చిన్న అక్షరాలు పెడితే, ఒక్కో సిరాను అచ్చు వేసే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ప్రతి అక్షరానికీ రంగురంగుల నీడ వస్తుంది. నల్ల సిరా ఒక్కటే వంద శాతం. ముదురు పట్టీ మీద తెల్ల అక్షరాలు తప్పదనుకుంటే లావుపాటి ఖతి (ఫాంట్), పెద్ద సైజు వాడండి.

చట్టం కూడా ఇక్కడే అడ్డొస్తుంది. శాకాహార గుర్తు, అంటే చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, తేడా స్పష్టంగా తెలిసే నేపథ్యం మీద ఉండాలి. మీ ఆకుపచ్చ పట్టీ మీద దాన్ని పెడితే కనిపించదు; గంధం రంగు ఒంటి మీదకు దింపండి. గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు అంకెలు కూడా నేపథ్యం నుంచి కొట్టొచ్చినట్టు కనిపించే రంగులో ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. ఈ మూడింటికీ మొదటి రోజే చోటు వదిలిపెట్టండి, చివర్లో ఇరికిస్తే రంగుల పొందిక చెడుతుంది.

8. అచ్చుకు వెళ్లేముందు

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. తెర మీది చిలకపచ్చ, మెరిసే నారింజ, విద్యుత్ నీలం నాలుగు సిరాల అచ్చులో అలాగే రావు, దుమ్ము పట్టినట్టు వస్తాయి. అందుకే మొదటి నుంచీ సీఎంవైకే విలువలతోనే, అంటే సయాన్, మెజెంటా (ముదురు గులాబీ), ఎల్లో, బ్లాక్ అనే ఆ నాలుగు సిరాల శాతాలతోనే పని చేయండి. మన లేబుల్‌కు నేను మొదలుపెట్టే అంకెలు ఇవి. గంధం రంగుకు మెజెంటా 5, ఎల్లో 18. మామిడాకుకు సయాన్ 80, మెజెంటా 40, ఎల్లో 90, బ్లాక్ 40. మెంతి పసుపుకు మెజెంటా 35, ఎల్లో 95, బ్లాక్ 10. మీ కాగితం మీద ఒక నమూనా చూసుకుని అటూ ఇటూ జరపండి. ఎన్నేళ్లైనా మారకూడని రంగు ఒకటి ఉంటే దానికి విడిగా కలిపిన సిరా వాడమనండి. పాంటోన్ అనే రంగుల నమూనా పుస్తకంలో నంబరు చెబితే ప్రెస్సు వాళ్లకు అర్థమవుతుంది. కాపీలు తక్కువైతే ఈ ఖర్చు దండగ.

పారదర్శకమైన స్టిక్కర్ మీద అచ్చు వేస్తున్నారా? అయితే రంగుల కింద తెల్ల సిరా పొర వేయమని చెప్పి తీరాలి. లేకపోతే మీ మెంతి పసుపు గుర్తు వెనక ఆవకాయ కనిపించి, పసుపూ ఎరుపూ ఒకటైపోతాయి.

ఇక పచ్చళ్లవాళ్లకే తెలిసిన సంగతి. నూనె కారుతుంది. ఎంత బిగించినా ప్రయాణంలో మూత అంచు నుంచి ఒక ధార దిగుతుంది. లామినేషన్ లేని లేత కాగితం మీద ఆ మరక వారంలో చేతివేళ్లంత అవుతుంది. నేను చేసిన ఒక గంధం రంగు లేబుల్ ఇలాగే పాడైంది. అప్పటి నుంచి మూతకు దగ్గరగా ఉండే పై పట్టీని ముదురు రంగులో పెడుతున్నాను. మరక పడినా కనిపించదు. మామిడాకు రంగును పైన పెట్టడానికి సగం కారణం ఇదే.

9. నాలుగు చోట్ల చూడండి

మ్యాచింగ్ బ్లౌజు గుడ్డ కొనడానికి వెళ్లినవాళ్లు కొట్లో వెలుతురును నమ్మరు, గుడ్డను గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చీర మీద పెట్టి చూస్తారు. ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు మరో దీపం కింద విడిపోతాయని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. మీ నమూనానూ అలాగే చూడండి: పగటి వెలుగులో, తెల్లటి ట్యూబులైటు కింద, పసుపుపచ్చటి బల్బు కింద. ఆ పసుపు దీపం కింద గంధం రంగూ తెలుపూ ఒకటిగా కనిపిస్తాయి. వాటి తేడా మీద ఆధారపడి ఏదీ రాయకండి.

తర్వాత, ముందు తీసిన అర ఫొటోలో మీ సీసా బొమ్మను అతికించి రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. ఫోనులో గోరంత సైజుకు తగ్గించి చూడండి. అమ్మకపు సైట్లు చాలావరకు తెల్లటి నేపథ్యం అడుగుతాయి. అక్కడ లేత లేబుల్ అంచు కరిగిపోతుంది, ముదురు పట్టీ దాన్ని పట్టి ఉంచుతుంది.

చివరగా, అందరి కళ్లూ ఒకేలా చూడవు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు మగవారిలో ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో దాదాపు 8 శాతం అలా ఉంటారు. వయసు పైబడే కొద్దీ కంటి కటకం పసుపు రంగుకు తిరిగి, లేత పసుపూ తెలుపూ, ముదురు నీలమూ నలుపూ వేరుచేయడం కష్టమవుతుంది. ఆ రోజు మా బల్ల ముందు నిలబడిన పెద్దావిడ లాంటివారికి ఒకసారి చూపించండి. ఏ అక్షరం దగ్గర కళ్లు చిట్లిస్తారో అక్కడ మార్చండి.

10. రెండో సీసా, మూడో సీసా

ఆవకాయ నడిస్తే గోంగూర వస్తుంది, తర్వాత కందిపొడి. ఒళ్లు, అక్షరాలు, పట్టీ ఉన్నచోటు మార్చకండి. పట్టీ రంగు ఒక్కటే మార్చండి. ప్రతి సీసాకూ రెండో భాగంలో చెప్పిన మొదటి నియమం మళ్లీ మొదటి నుంచి వర్తిస్తుంది. గోంగూర తానే ముదురు ఆకుపచ్చ కాబట్టి దానికి మామిడాకు పట్టీ పెడితే అందులో మునిగిపోతుంది. ఇటుక ఎరుపు పట్టీ పెట్టండి. కందిపొడికి వంగపండు రంగు బాగుంటుంది. మూడు సీసాలను పక్కపక్కన పెట్టి మళ్లీ నలుపు తెలుపు ఫొటో తీయండి. పట్టీలు ఒకే బూడిదలో కనిపిస్తే, రంగుతో పాటు పట్టీ మీద ఒక్కో సీసాకు ఒక్కో చిన్న బొమ్మ కూడా పెట్టండి: మామిడి ముక్క, గోంగూర ఆకు, కంది గింజ. అర్ధరాత్రి ఆకలేసి అల్మారా తెరిచినవారికి అదే ఆసరా.

అచ్చు నచ్చిన రోజున ఒక కార్డు రాసుకోండి. సిరా అంకెలు, కాగితం పేరు, లామినేషన్ రకం, తేదీ. దానికి రెండు లేబుళ్లు జతచేయండి. ఒకటి కవరులో పెట్టి చీకటి అల్మారాలో దాచండి. రెండోదాన్ని ఎండ పడే కిటికీకి అంటించండి. కొట్ల ముందు పాత పోస్టర్లు నీలంగా మారిపోవడం చూసే ఉంటారు. ఎండకు మెజెంటా, పసుపు సిరాలు ముందుగా వెలిసిపోతాయి. మూడు నెలల తర్వాత కిటికీ లేబుల్‌ను తీసి చీకట్లో దాచిన దాని పక్కన పెట్టి చూడండి. మెంతి పసుపు గుర్తు పాలిపోయి ఉంటే, తర్వాతి అచ్చుకు ఎండకు తట్టుకునే సిరా కావాలని ప్రెస్సుకు చెప్పాలి. "పోయినసారి వేసిన ఆకుపచ్చ ఏదండీ?" అని వాళ్లు అడిగినప్పుడు మాత్రం కిటికీది కాదు, అల్మారాలోది తీసుకెళ్లండి.